ఇరవయ్యొక్క రోజుల మందు

పోయిన వారం మా చెల్లెలు ఎమ్మిగనూరు నుంచి ఫోన్ చేసి, డిగ్రీ చదువుతున్న తన మనవరాలికి చచ్చిపోవాలనే ఆలోచనలు ముదిరితే కర్నూలులో ఆసుపత్రిలో చేర్పించామనీ, అక్కడ ఏదో మందును సెలైన్‌లో కలిపి దగ్గరుండి సన్నగా ఎక్కించారనీ, మర్నాటికే పిల్ల లేచి కూర్చుని ఆకలన్నదనీ, ఏడుపూ నవ్వూ కలిపి చెప్పింది. మందు పేరేమిటో చీటీ చూసి చదవమన్నాను. కూడబలుక్కుని చదివింది. కెటమిన్. 

ఆదోనిలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో ముప్పై ఏళ్లు ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేసినదాన్ని. మత్తు డాక్టరు అడగడమే ఆలస్యం, ఆ మందును సిరంజిలోకి లాగి అందించేదాన్ని. నా ఈడు నర్సులకు అది వంటింట్లో ఉప్పులాంటిది, ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. మత్తుకు తప్ప ఇంకెందుకైనా పనికొస్తుందని మాకెవరికీ తెలియదు. ఇప్పుడు ఆ పేరు వింటే మా అన్న గుర్తొచ్చాడు, వెంటనే కోపమూ వచ్చింది, ఎవరి మీదో మాత్రం చెప్పలేను.

మా అన్న ఎమ్మిగనూరులో చీరలు నేసేవాడు. నాకు ఇరవై ఆరేళ్లప్పుడు, కారణం ఇదీ అని ఎవరికీ తెలియకుండా, మనిషి మాట తగ్గించి, తిండి తగ్గించి, ఒకరోజు మా వదినతో నేను లేకపోతేనే మీ అందరికీ నయం అన్నాడట. వదిన భయపడి నాకు కబురు పెట్టింది. కర్నూలుకు తీసుకుపోయి మనసు జబ్బుల డాక్టరుకు చూపిస్తే మాత్రలు రాసి, ఇవి ఒంటికి పట్టి పనిచేయడానికి మూడు వారాలు పడుతుంది, అందాకా ఒంటరిగా వదలొద్దు, తగ్గిన తరువాత కూడా నెలల తరబడి వాడాలి అన్నాడు. ఈ చివరి మాటనే నేను ఇంట్లో చెప్పకుండా మింగేశాను.

మా ఇంట్లో డాక్టరు మాటకు విలువ తక్కువ, దీక్షకు విలువ ఎక్కువ. అది తెలిసినదాన్ని కనుక, నర్సునన్న పొగరు కూడా ఉన్నదాన్ని కనుక, మూడు వారాలను ఇరవయ్యొక్క రోజుల దీక్షగా మార్చి మా వదిన చేతిలో పెట్టాను. పొద్దున్నే స్నానం చేసి మాత్ర వేసుకోవాలి, దీక్షలో ఉన్నవాణ్ణి ఒంటరిగా వదలకూడదు అన్నాను. ఎంత బాగా పట్టుకున్నారో! అన్న మగ్గం గుంటలో కూర్చుంటే వదిన పక్కనే రాట్నం వేసుకుని నూలు కండెలు చుట్టేది. బయటికి పోతే మా నాయన పనేదో ఉన్నట్టు వెంట నడిచేవాడు. అమ్మ మాత్రను దేవుడి పటం దగ్గర పెట్టి, దండం పెట్టుకుని ఇచ్చేది. ప్రతి రోజూ నర్సింగ్ హోములో ఫోన్ మోగితే అందరికంటే ముందు నేనే పరుగెత్తేదాన్ని. పదిహేనో రోజుకు అన్న రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడని విన్నప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇరవయ్యొక్కో రోజున కొబ్బరికాయ కొట్టి, పూర్ణం పెట్టి ఓళిగలు చేసుకుని తిని, దీక్ష విరమించారు. దాంతోపాటు మాత్రలూ విరమించారు. కాపలా కూడా. నాకు ఓళిగలు పంపారు గానీ ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

తరువాత ఆరో రోజు, కాన్పు కష్టమైన ఒకామెను బల్ల మీదికి చేర్చి, కెటమిన్ లాగి మత్తు డాక్టరుకు అందించి, అప్పుడే చేతులు కడుక్కుని గ్లవుజులు వేసుకున్నాను. మా ఆయా తలుపు సందులోంచి తొంగి చూసింది. నాకు అమ్మ వయసున్న సాయిబుల ఇంటి మనిషి.

"అమ్మా, మీ అన్న వచ్చినాడు. బెంచీ మీద కూకున్నాడు. ఏం అడిగినా పలకడంల్యా."

ఆ చేతులతో బయటికి పోలేను. బల్ల మీద రెండు ప్రాణాలున్నాయి. కూర్చోమని చెప్పు, వస్తాను అని మాత్రం అనగలిగాను. ఆ గంటలో కత్తెర అడిగితే కత్తెర ఇచ్చాను, దారం అడిగితే దారం ఇచ్చాను, చెవులు మాత్రం తలుపు దగ్గరే ఉన్నాయి. బిడ్డ ఏడ్చింది. కుట్లు పూర్తి కాగానే గ్లవుజులు విసిరేసి బయటికొస్తే బెంచీ ఖాళీగా ఉంది.

గేటు దాకా పరుగెత్తాను. మార్కెట్ యార్డుకు పోయే పత్తి లారీలు రోడ్డంతా నిండి ఉన్నాయి. స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినబడింది.  ఎటు పోవాలో తెలియక వెనక పెరట్లోకి తిరిగాను.

అక్కడ మా ఆయా, అన్నను తన ఎదురుగా చాప మీద కూర్చోబెట్టుకుని, కట్టు కట్టే పల్చటి గుడ్డను మడతలు పెట్టిస్తోంది. "ఒక్కణ్ణి ఇడిసిపెట్టబుద్ధి కాల్యా అమ్మా, పని చెప్పినా" అంది. అన్న ఆ గుడ్డను వెలుతురుకు పట్టి చూసి, "ఇదేం నేతమ్మా, జల్లెడ మాదిరి" అన్నాడు. తరువాత తల వంచుకుని, "ఇంట్లో ఎవరూ ల్యారు. ఒక్కణ్ణే ఉంటే నా మీద నాకే భయమేసింది. బస్సెక్కి వచ్చినా" అన్నాడు. నేను అక్కడే నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

మాత్రలు మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి దీక్ష లేదు, డాక్టరు చాలనే దాకా. ఆ తరువాత అన్న ఇరవై ఏళ్లకు పైగా బతికి, కూతుళ్ల పెళ్లిళ్లు చేసి, గుండెజబ్బుతో పోయాడు. ఆ రోజు తలుపుకు అటువైపు అన్న, ఇటువైపు నా చేతిలో ఆ మందు. అప్పుడే తెలిసి ఉంటే అనే ఆలోచన ఎంత వద్దనుకున్నా వస్తుంది. లోకంలో ఎవరికీ తెలియని రోజుల్లో నాకెలా తెలుస్తుంది?

ఇంతకీ మా చెల్లెలు ఫోన్ పెట్టబోతూ ఏమందంటే, "ఒక్క దినంలో తగ్గిపాయ కదక్కా. ఇంటికి తెచ్చుకున్నాం, రేపట్నుంచి కాలేజీకి పంపిస్తాం. మాత్రలు ఇంకేంటికి?" చీటీలో ఇంకా ఏం రాసుందో చదవమన్నాను. మళ్లీ రావాలనీ, మాత్రలు ఆపొద్దనీ, ఒంటరిగా వదలొద్దనీ రాసుంది. ఆ మందు పిల్లను ఇవాళ్టికి ఒడ్డుకు లాగింది, రేపటి సంగతి మనం చూసుకోవాలే అని గట్టిగా అరిచి, మర్నాడు పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సెక్కాను.

నేను చేరేసరికి ఇంట్లో అందరూ ఎవరి పనులకు వాళ్లు పోయి ఉన్నారు. రాట్నం వేసుకుని పక్కన కూర్చునే మనిషి ఇప్పుడు ఏ ఇంట్లో ఉంది? మందు ఇంత తొందరగా పనిచేసే రోజులొచ్చాయని సంతోషపడాలో, మనిషి పక్కన కూర్చునే తీరిక మనకు లేకుండా పోయిందని బాధపడాలో తెలియలేదు. పిల్ల మాత్రం నన్ను చూసి, "ఎన్ని దినాలుంటావ్ అవ్వా?" అని అడిగింది. లెక్క పెట్టుకోలేదు తల్లీ అన్నాను. అది మంచం మీద కొంచెం జరిగి నాకు చోటిచ్చింది.