బల్ల కరిగిస్తామన్నారు

మా తమ్ముడు పోయేడండీ. ఉప్పలగుప్తం బళ్ళో వాడి దగ్గర పిల్లల్ని చదివించుకున్నవాళ్ళు ఇంకా విననట్టయితే ఇదే కబురనుకోండి. పాతికేళ్ళు నిండలేదు. జ్వరంతో పోయేడని ఊరంతా చెప్పుకుంటోంది. పచ్చి అబద్ధం. జ్వరం తగ్గిపోయింది. మేమే చంపుకున్నాం.

అమ్మ పోయేక వాణ్ణి చంకనేసుకుని పెంచింది నేనే. నాకు పెళ్ళయ్యేక నాతోపాటే అల్లవరం వచ్చేసేడు. చెవి మీద సుద్దముక్కతోనే స్నానానికి కూర్చునేవాడు. బళ్ళో పిల్లలు అడిగింది తెలియకపోతే "నాకు తెలీదర్రా, రేపు చూసుకొచ్చి చెబుతాను" అనేవాడు. ఓసారి ఇనస్పెక్టరుగారి ముందే అలా అన్నాడట. "పరువు తీసేవు కదరా!" అని తిట్టేను. "తెలీదంటే కొంప మునగదే అక్కా. తెలియకుండా తెలుసంటేనే మునుగుతుంది" అని నవ్వేడు.

పోయిన నెల వాడికి గొంతు వాచింది, మెడకి రెండు వైపులా బిళ్ళలు కట్టేయి, ఒళ్ళు కాలిపోయింది. అమలాపురం డాక్టరుగారు ఎడం డొక్క మెల్లిగా తడిమి చూసేరు. "బల్ల వాచిందమ్మా, అదే, ప్లీహం. ఇది మలేరియా కాదు, బిళ్ళల జ్వరం. బల్ల ఇప్పుడు మగ్గిన పండులా ఉంటుంది. నెల్లాళ్ళు బరువెత్తకూడదు, పొట్ట మీద ఎవరి చెయ్యీ పడకూడదు. దానంతటదే తగ్గుతుంది" అన్నారు. "ఆయ్, అలాగేనండీ" అన్నాను. అన్నాను కదా!

మా వైపు జ్వరాలకి డొక్కలో బల్ల పెరిగితే ఆముదం రాసి, నొక్కించి కరిగించడం మామూలే. రెండు వారాలకి వాడి జ్వరం పోయింది, అన్నం సయించింది. మా అత్తగారు ఊరుకున్నారా? "బల్ల అలాగే ఉంచుకుని ఎన్నాళ్ళు పడుకుంటాడు?" అని బల్ల నొక్కే ముసలమ్మని పిలిపించేరు. వాడు "వద్దే అక్కా, డాక్టరుగారు వద్దన్నారు కదే" అని నా మొహంలోకి చూసేడు. నేనేం చేసేననుకున్నారు? "పెద్దవాళ్ళ మాట కాదనకురా" అని వాడి రెండు చేతులూ పట్టుకున్నాను.

ముసలమ్మ బొటనవేళ్ళు దిగేసింది. వాడు కేక పెట్టేడు. "ఎడం భుజం పీకేస్తోందే అక్కా" అన్నాడు. "కరుగుతోంది బాబూ, ఓర్చుకోవాలి" అందావిడ. వాడి పెదాలు తెల్లబడ్డాయి, చెమటలు పోసేసేయి. అమలాపురానికి పడవ మాట్లాడేలోపే చల్లబడిపోయేడు. తరవాత డాక్టరుగారు నా వంక చూడకుండానే చెప్పేరు, లోపల బల్ల పగిలి రక్తమంతా పొట్టలోకి పోయిందని.

పరామర్శకొచ్చినవాళ్ళు "ఆయుష్షు అంతేనమ్మా" అంటున్నారు. నోరు ముయ్యండి! వాడి ఆయుష్షుకేం, నిక్షేపంలా ఉంది. ముసలమ్మ చెడ్డది కాదు. మా అత్తగారూ వాడికి వేడివేడిగా వండి పెట్టినావిడే. అందరం మంచివాళ్ళమే. అదే నాకు ఒళ్ళు మంట.

నిన్న ఎదురింటివాళ్ళు తమ పిల్లకి బల్ల కరిగించమని ఆ ముసలమ్మకే కబురంపేరు. నేను వెళ్ళి వాళ్ళ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. "ఇదేం పనండీ, లేవండి" అని బతిమాలేరు. తమ్ముడు పోయి మతి చెడిందన్నారు. చెడితే చెడనీండి, లేవలేదు. ముసలమ్మ ఎండలో కాసేపు నిలబడి, వెనక్కి తిరిగిపోయింది. లోపల్నించి ఆ పిల్ల వచ్చి నా పక్కనే చతికిలబడి, పొట్ట మీద గౌను సర్దుకుని, జామకాయ కొరుక్కుంటూ కూర్చుంది.