ముందు పన్నుకు చీల

ఎనభైల్లో మాట. పళ్ళిపట్టులో మాది నేసేవాళ్ళ ఇల్లు. తెగిన పోగు ముడేసి, మిగిలిన కొసను పంటితో కొరికేయడం మాకు అలవాటు. అట్ల కొరికి కొరికి నా ముందు పన్ను ఒకనాడు చిగుళ్ళదాకా విరిగిపోయింది.

తిరువళ్ళూరులో డాక్టరు రూట్ కెనాల్ చేసినాడు. "పన్ను నిలబడాలంటే వేరులోకి కమ్మీ దించాలమ్మా. రెడీమేడ్ స్క్రూ అయితే ఈరోజే బిగిస్తా. నీ వేరుకు అచ్చు తీసి పోత పోయిస్తే పది దినాలు పడుతుంది" అన్నాడు.

నాలుగు దినాల్లో తిరుత్తణిలో మా ఆడబిడ్డ పెండ్లి. "స్క్రూనే వేయించుకో. ఫోటోలో బోసినోరుతో నిలబడతావా?" అన్నాడు మా ఆయన.

నాకు మా మగ్గం గుర్తొచ్చింది. ఒకసారి చీల ఊడితే ఆయనే తొందరపడి అంగట్లో కొన్నది దిగ్గొట్టినాడు. కట్టె నిలువునా పగిలింది. మా మామ రంధ్రానికి సరిగ్గా చెక్కిన చీలలు మాత్రం ఏండ్లు నిలిచినాయి.

"స్క్రూ తిప్పితే వేరు పగలదా సార్?" అన్నాను.

డాక్టరు చేతిలో పనిముట్టు కింద పెట్టినాడు. "పగలొచ్చు. నీ వేరు పలచన. ఇది నీకెవరు చెప్పినారు?"

"మగ్గం నేసేవాళ్ళకు ఒకరు చెప్పాలా సార్?"

అచ్చే తీయించుకున్నాను. పెండ్లి ఫోటోలో నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది నేనొక్కదాన్నే. చూసి అందరికంటే ఎక్కువ నవ్వింది మా ఆయనే.

ఇప్పుడు ఆయనకు కట్టుడు పళ్ళు. పడుకునేముందు తీసి నీళ్ళగ్లాసులో వేస్తాడు. నా పన్ను నోట్లోనే ఉండాది.