వేళ్లకు తెలిసిన సమాధి

దయ్యాల కథలు చెబితే నవ్వేదాన్ని. స్మశానం పక్క సందులోనే కిరాయికి ఉన్నాం, ఒక్కనాడూ భయపడలేదు. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

మా ఆయన పండ్ల మార్కెట్‌కు లారీ నడిపేవాడు. పోయాక దిల్‌సుఖ్‌నగర్ దగ్గరి స్మశానంలో, పాతకాలపు కవి ఒకాయన సమాధికి కాళ్ల వైపున పూడ్చాం. రాయి పెట్టలేదు. కవి సమాధే గుర్తన్నారు పెద్దలు.

అలాంటి రాతి సమాధులు అక్కడ వరుసగా ఉన్నాయి, అన్నీ ఒకేలా. అప్పట్లో నాకు చదువు రాదు. అందుకని కళ్లు మూసుకుని ఒక్కో రాయిని వేళ్లతో తడిమేదాన్ని. కవి రాయి మీద మాత్రమే చెక్కిన అక్షరాలు తగిలేవి. ఏటా పోయినవాళ్లకు అన్నం పెట్టే పెత్రమాసకు అక్కడ ఆయనకు అన్నం పెట్టి, ఇంటి సంగతులన్నీ చెప్పి వచ్చేదాన్ని.

కూతురి పెళ్లయ్యాక మా ఎల్బీ నగర్ కాలనీలో పెద్దల బడికి వెళ్లాను. అక్షరాలు వచ్చాక, వేళ్లకు గుర్తున్న ఆ గీతలను పలక మీద దించాను. రాయి మీద చెక్కిన ఆ మాటను టీచరమ్మ పైకి చదివింది: "మెల్లగా చెప్పు, వింటున్నాను."

"ఎక్కడిదమ్మా గిది? మంచిగున్నది," అంది.

మొన్న పెత్రమాసకు, ఆ మాట నా కళ్లతో చదువుకోవాలని, కూతురు రమను వెంటబెట్టుకుని పోయాను. ఏ రాయి మీదా అక్షరం లేదు. వరుసంతా మళ్లీ మళ్లీ తిరిగాను. కాపలా ఉండే మల్లయ్యన్నను అడిగాను.

"అక్షరాలు ఏడున్నయి చెల్లె? మా నాయన కాలంలనే అరిగిపాయె. కవిసారు గీ వరుసలనే ఉన్నడంటరు. ఏ రాయో ఇప్పుడెవలకెరుక!"

"గట్లయితే గిన్నేండ్లు ఎవలకు అన్నం పెట్టినవే అమ్మా?" అని రమ నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది.

ఇన్నేళ్లూ ఎవరి మట్టి దగ్గర ఏడ్చాను? చేతిలోని అన్నం గిన్నె ఎక్కడ దించాలి?

గిన్నె, కళ్లద్దాలు రమకిచ్చాను. కళ్లు మూసుకుని, చదువు రాని రోజుల్లోలాగే తడుముకుంటూ పోయాను. నున్నటి రాయి. ఇంకో నున్నటి రాయి. ఆ తర్వాత వేలు ఆగింది. 'మె' తగిలింది. మాట మొత్తం, చివరి అక్షరం దాకా తగిలింది.

కళ్లు తెరిచాను. వేలి కింద ఏమీ లేదు. రమ చేతిని అక్కడే పెట్టించాను.

"నున్నగనే ఉన్నదమ్మా," అంది.

ఆ రాయి కాళ్ల వైపే అన్నం పెట్టాను. అరిగిపోయిన అక్షరాలు నా ఒక్కదానికే ఎలా తగిలాయో ఈ రోజుకీ చెప్పలేను. ఆయన అక్కడే ఉన్నాడో లేదో కూడా ఒట్టేసి చెప్పలేను. ఇంటి సంగతులు మాత్రం ఆ రోజు చాలా మెల్లగా చెప్పాను.