పెరట్లో పావురాలు, సుజాత ఊపిరి

రెండేళ్ళ కిందట, అక్టోబరులో ఒక ఆదివారం ఉదయం, మా ఆవిడ సుజాత పంపు దగ్గర నీళ్ళ బకెట్ నింపుకుని జామచెట్టు దాకా వచ్చి ఆగిపోయింది. బకెట్ కింద పెట్టి, చెట్టు మొదలు పట్టుకుని నిలబడింది. ఏమైందని అడిగితే చెయ్యి ఊపింది. మాట్లాడటానికి ఊపిరి చాల్లేదని అప్పుడు నాకు అర్థం కాలేదు. మా పెరడు పట్టుమని పాతిక అడుగులు ఉండదు.

మాది తాడేపల్లిగూడెం. నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. సుజాత ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మా అమ్మాయి ప్రసన్న ఏలూరులో డిగ్రీ చదువుతూ రోజూ రైల్లో వెళ్ళివస్తుంది. వానలు తగ్గి, ఎండ మెత్తబడే ఆ నెలలంటే మా ముగ్గురికీ ఇష్టం. చర్చికి వెళ్ళొచ్చాక పెరట్లోనే కుర్చీలు వేసుకుని టిఫిన్ తినేవాళ్ళం. గోరింకలు, పిచ్చుకలు, జామకాయల కోసం చిలకలు వచ్చేవి. అవి కాక నా పావురాలు ఇరవై రెండు. వెనక రేకుల షెడ్డులో వాటి గూళ్ళు. ఆ షెడ్డులోనే, వెలుతురు బాగుంటుందని, సుజాత కుట్టుమిషన్.

ఆ వారం నుంచే పొడిదగ్గు మొదలైంది. సాయంత్రమయ్యేసరికి చలి, ఒళ్ళునొప్పులు, కాస్త జ్వరం. ఊళ్ళో డాక్టరుగారు ఆస్తమా అనుకుని ఇన్‌హేలర్ ఇచ్చారు. పది రోజులైనా గుణం కనబడలేదు. తను మెట్లు ఎక్కడం మానేసింది, తర్వాత బట్టలు ఆరెయ్యడం మానేసింది. నాతో ఒక మాట అని, ఊపిరి తీసుకుని, రెండో మాట అనేది. ప్రసన్న ఆక్సీమీటర్ తెచ్చి వేలికి పెడితే ఎనభై ఏడు చూపించింది. ఆ అంకె తప్పేమోనని నా వేలికి పెట్టుకుని చూశాను. తొంభై ఎనిమిది.

ఏలూరులో ఆసుపత్రిలో చేర్చాం. ఆక్సిజన్ పెట్టారు. టీబీ అయ్యుంటుందని కళ్ళె పరీక్షకు పంపారు. రెండు రోజులు ఆ రిపోర్టు కోసం చూస్తూ ప్రసన్న, నేను ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. నెగెటివ్ వచ్చింది. న్యుమోనియా అని యాంటీబయాటిక్స్ ఇచ్చారు. ఐదోరోజుకి సుజాత లేచి వరండాలో నడిచింది. నవ్వుతూ ఇంటికొచ్చాం. వచ్చిన మర్నాడే పెండింగ్ జాకెట్లున్నాయని మిషన్ ముందు కూర్చుంది. మూడోరోజు సాయంత్రానికి మళ్ళీ చలి, మళ్ళీ ఆయాసం. ఈసారి పెదాలు నీలం రంగుకు తిరిగాయి.

రెండోసారి చేర్చినప్పుడు ఊపిరితిత్తుల డాక్టరు, ఒక మేడమ్‌గారు, చూశారు. స్టెతస్కోపు వీపు మీద చాలాసేపు ఉంచారు. హెచ్ఆర్‌సీటీ స్కాన్ తీయించారు. ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసి, నా వైపు తిరిగారు.

"ఇక్కడుంటే తగ్గుతోంది, ఇంటికెళితే పెరుగుతోంది. మీ ఇంట్లో ఏముందండీ?"

"ఏమీ లేదండీ," అన్నాను.

అబద్ధం చెబుదామని కాదు. బూజు, పొగ, సిమెంటు దుమ్ము లాంటివి అడుగుతున్నారనుకున్నాను. పావురాలు నా లెక్కలో ఇంట్లో మనుషులే. మంచం మీద సుజాత మాస్కు కొంచెం పైకెత్తింది.

"పావురాలున్నాయండీ. ఆ షెడ్డులోనే నేను కుడతాను."

మేడమ్‌గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఎన్ని, ఎన్నాళ్ళుగా, ఎవరు ఊడుస్తారు అని అడిగారు. ఊడ్చేది సుజాతే. పొద్దున్నే పొడి చీపురుతో. బ్రాంకోస్కోపీ చేసి, ఊపిరితిత్తుల్లోంచి నీళ్ళు తీసి పరీక్షించాక జబ్బు పేరు చెప్పారు. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. పావురాల రెట్టల దుమ్ము, ఈకల పొడి కొందరి ఊపిరితిత్తులకి పడదనీ, అందరికీ రాదనీ, వచ్చినవాళ్ళు మాత్రం వాటికి దూరంగా ఉండక తప్పదనీ వివరించారు. స్టెరాయిడ్ మొదలుపెట్టారు.

సుజాత ఆసుపత్రిలో ఉండగానే పావురాల్ని బుట్టల్లో పెట్టి, ఉండి అనే ఊళ్ళో చేపల చెరువులున్న నా స్నేహితుడు సత్యానందానికి ఇచ్చేశాను. మాస్కు కట్టుకుని, నీళ్ళు చల్లి తడిపి షెడ్డు కడిగాను. మిషన్ ముందు గదిలోకి మార్చాం. పరుపు, కర్టెన్లు పారేశాం. స్టెరాయిడ్‌తో షుగర్ పెరిగింది, మొహం ఉబ్బింది, అయినా నెల తిరిగేసరికి తను పెరట్లో నాలుగు చుట్లు తిరిగింది. మందు డోసు తగ్గించుకుంటూ వచ్చారు.

ఫిబ్రవరిలో దగ్గు మళ్ళీ వచ్చింది.

ఇక్కడ నా తప్పు రాయాలి. ప్రతి శనివారం బడి అయ్యాక నేను ఉండి ఊరికి వెళ్ళేవాణ్ణి. బడిలో మీటింగ్ ఉందని ఇంట్లో చెప్పేవాణ్ణి. అరగంట ఆ పావురాల మధ్య కూర్చుని, అవి భుజాల మీద వాలితే వాలనిచ్చి, అదే చొక్కాతో ఇంటికొచ్చి సుజాత పక్కన కూర్చుని అన్నం తినేవాణ్ణి. ఆ చొక్కా ఉతికేది తనే. దూరంగా వెళ్ళి చూస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. దగ్గు వచ్చాక కూడా, చలికాలం కదా అని రెండు శనివారాలు వెళ్ళాను.

మళ్ళీ స్కాన్ తీశారు. మేడమ్‌గారి గొంతు ఈసారి మారింది. "పావురాల ఎక్స్‌పోజర్ ఇంకా ఆగినట్టు లేదండీ. కింది భాగంలో ఫైబ్రోసిస్ మొదలైంది. ఈ మచ్చలు తిరిగి పోవు. కొత్తవి రాకుండా చూసుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంది."

ప్రసన్న ఇంట్లో మిగిలిన వస్తువులన్నీ వరసగా చెబుతోంది, దిండ్లు, పాత దుప్పట్లు, పక్కింటి కోళ్ళు. ఆ పిల్ల అలా వెతుకుతుంటే కూర్చోలేకపోయాను. నేనే అని చెప్పాను. శనివారాల సంగతి మొత్తం చెప్పాను. ప్రసన్న లేచి బయటికి వెళ్ళిపోయింది.

సుజాత నన్ను తిట్టలేదు. చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"నాకు చెప్పి వెళ్ళుంటే, బట్టలు బయటే మార్చుకుని రమ్మనేదాన్ని కదండీ."

ఆ మాట కంటే తిట్టినా తేలిగ్గా ఉండేది. ప్రసన్న నాతో మామూలుగా మాట్లాడటానికి రెండు నెలలు పట్టింది. నేను మళ్ళీ ఉండి వైపు వెళ్ళలేదు. వెళ్ళమని సుజాతే రెండుసార్లు అంది.

స్టెరాయిడ్ మళ్ళీ పెంచారు, ఇంకో మందు కలిపారు. ఇన్ఫెక్షన్ వస్తుందని భయపెట్టే మందు అది. నెలనెలా రక్తపరీక్షలు. ప్రతి మూడు నెలలకీ గొట్టంలోకి ఊదించే పీఎఫ్‌టీ, ఆరు నిమిషాల నడక పరీక్ష. తను కారిడార్‌లో నడుస్తుంటే నర్సు చేతిలో గడియారం, నా కళ్ళు ఆక్సీమీటర్ మీద. వేసవి మధ్యలో అంకె పడిపోవడం ఆగింది. మచ్చలు పెరగలేదు, తగ్గనూ లేదు. "స్టేబుల్" అన్నారు. ఆ మాట విని సుజాత ఆసుపత్రి గేటు దగ్గర ఏడ్చింది.

ఆ తర్వాత ఇది రెండో అక్టోబరు. మెట్లు ఆగి ఆగి ఎక్కుతుంది. ఆరుబయట తిరిగే పిట్టల్ని దూరం నుంచి చూడటానికి అభ్యంతరం లేదని, గింజలు వేసి దగ్గరకు పిలవొద్దని, రెట్టలు ముట్టుకోవద్దని మేడమ్‌గారు చెప్పారు. అందుకని ఉదయం కుర్చీలు వేసుకుని కూర్చుంటాం, అవి వాటంతట అవి వచ్చిపోతాయి. పోయిన వారం ప్రసన్న కైకలూరు వైపు తీసుకెళ్ళమంది. కొల్లేరు గట్టు మీద ముగ్గురం నిలబడి, నీళ్ళకి అవతల చెట్ల మీద వాలిన గూడబాతుల్ని చూశాం. సుజాత గట్టు మీద ఫర్లాంగు నడిచింది. వేలికి పెట్టి చూస్తే తొంభై మూడు.

ఇది చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే. ఆసుపత్రిలో తగ్గి, ఇంటికొస్తే పెరిగే దగ్గుంటే, ఆ సంగతి డాక్టరుగారు అడక్కముందే చెప్పండి. పక్షులు, కోళ్ళు, బూజుపట్టిన గోడ, తడిసి ముక్కిన గడ్డి, ఏదీ చిన్నదని వదలకండి. జవాబు చెప్పే పని పక్కనున్నవాళ్ళు మీదేసుకోకండి. ఆయాసపడుతూ చెబితే ఆలస్యమవుతుంది నిజమే. ఆలస్యమైనా ఆగండి. రోగిని చెప్పనివ్వండి.