కంచె పక్క చోటు కోసం ముత్లాలో ఆగకుండా

కువైట్‌లో ఒంటె పందేలు చూడటానికి ఎవరైనా వెళ్లవచ్చు. పందెం మొదలయ్యే చోట ఒంటె ముక్కుతాడు పట్టుకుని నిలబడే మనవాళ్లు కూడా కొందరున్నారు. వాళ్ల కోసం ఇది రాసిపెట్టక తప్పదు. ఆ రోజు సలహా ఇచ్చింది నేను, నిలబడింది మా బావ.

మా అక్క భర్త ఓబులేసు ఇరాక్ సరిహద్దు వైపున్న అబ్దలీలో ఒక కువైటీ దగ్గర ఒంటెలు చూసుకుంటాడు. నేను అబ్బాసియాలో టైలర్‌ని. గురువారం సాయంత్రం నాలుగింటికి ఖాళీగా తిరిగిపోతున్న కూరగాయల వ్యాను ఎక్కి, ఆరింటికి వాళ్ల దొడ్డికి చేరాను. రొట్టె, పప్పు తింటూ బావకు నేను చదివింది చెప్పాను.

బడి ఎనిమిదితో ఆగినా, రాయచోటి లైబ్రరీలో నేను వెతకని అలమర లేదు. గుర్రానికి చిన్న బండి కట్టి పరిగెత్తించే పందేల మీద అక్కడొక పుస్తకం ఉండేది. లోపలి కంచె పక్కన మొదలైన గుర్రానికి మలుపుల్లో దూరం కలిసొస్తుంది. ప్రయాణం చేసి దిగిన వెంటనే పరిగెత్తిస్తే కాళ్లు సాగవు. రెండూ అందులో ఉన్నాయి. నేను మొదటిదే గట్టిగా చెప్పాను.

శుక్రవారం ఉదయం ఐదున్నరకు బయలుదేరాం. షమ్మా అనే ఆడ ఒంటెను పికప్‌లో మోకాళ్లు మడిచి, కట్టి కూర్చోబెట్టారు. డ్రైవరు షబ్బీర్ భాయ్ పాకిస్తాన్ మనిషి. కబ్ద్ పందేల మైదానానికి వెళ్లేటప్పుడు సగం దారిలో ముత్లా దగ్గర ఒంటెను దించి అరగంట నడిపించడం వాళ్ల పద్ధతి. ఆ రోజు కంచె పక్క చోటు ముందు వచ్చినవాళ్లదే. ఆగొద్దన్నాను.

"భాయ్, యే ఊంట్ హై, ఘోడా నహీ," ఇది ఒంటె, గుర్రం కాదని షబ్బీర్ భాయ్ నవ్వాడు.

"పోనీలే భాయ్, మావోడు లైబ్రరీ అంతా మింగినోడు. యల్లా, పోదాం!" అన్నాడు బావ.

ఏడుంబావుకు చేరాం. కోరిన చోటు దొరికింది. కానీ దిగిన షమ్మా ముందుకాళ్లు వణుకుతున్నాయి.

"బావా, కాళ్లు చూడు."

"చూస్తానే ఉండా. ఇంగ చోటు మార్చేకి కాదు, బాబా వచ్చినాడు."

బాబా అంటే యజమాని. రౌతుకు బదులు ఒంటె వీపున కట్టిన కొరడా యంత్రాన్ని కారులోంచి రిమోట్‌తో నడిపించడానికి సిద్ధంగా కూర్చున్నాడు. అప్పుడు చూశాను. ఎడమవైపు ఇనుప కంచె, కుడివైపు పదకొండు ఒంటెలు. ముందు కట్టిన అడ్డు లేవగానే, తక్కిన ఒంటెల తాళ్లు పట్టుకున్నవాళ్లు పక్కకు తప్పుకోగలరు. మా బావకు పక్కే లేదు. ఆ పుస్తకంలో మనిషి గుర్రం వెనక బండిలో కూర్చుంటాడు. ముందు ఎవరూ నిలబడరు.

"ఎట్ల తప్పుకుంటావు?"

"కంచె కిందికి వంగి. నువ్వు అవతలికి పో రమణా. నీ మొగం చూస్తాంటే నాకూ బయమైతాంది."

ఎనిమిదింటికి అడ్డు లేచింది. అన్నీ దూకాయి. షమ్మా దూకలేక ముందుకాళ్లు మడిచి కూలబడింది. పక్క ఒంటె దాన్ని కంచెకేసి నెట్టింది. బావ కనిపించలేదు. కంచె ఇవతలున్న షబ్బీర్ భాయ్ చెయ్యి దూర్చి, కాలరు పట్టి, అడుగు కమ్మీ కిందనుంచి బావను లాగేశాడు. బావ భుజం చెక్కుకుపోయింది. మరుక్షణం ఒంటె లేచి ఆ చోటునే తొక్కి పరిగెత్తింది. ఆఖరున వచ్చింది.

బాబా వచ్చి ఒంటె మోకాళ్లు తడిమి, ముత్లాలో ఆగలేదా అని అరబ్బీలో అడిగాడు.

"లేదు బాబా, తప్పు నాది," అన్నాడు బావ. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. ఇకనుంచి పందేలకు వేరే మనిషి వస్తాడని చెప్పి బాబా కారెక్కాడు.

పదింటికి తిరుగు ప్రయాణం. పందెం గీత దగ్గర మొదలవదని, దొడ్డిలో పికప్ కదిలినప్పుడే మొదలవుతుందని నాకు తెలిసింది. దారిలో అక్క ఫోను చేసింది. "బాగుండామే. రమణ కూడా ఉండాడు, నవ్వుతాండాడు," అన్నాడు బావ. నేను బావ భుజం మీద నెత్తురు తుడుస్తున్నాను.

అబ్దలీ దాకా తీసుకెళ్లిన వ్యాను డ్రైవరు సుబ్బరాజు గారికి, చెయ్యి దూర్చిన షబ్బీర్ భాయ్‌కి కృతజ్ఞతలు. తప్పు తన మీద వేసుకున్న ఓబులేసు బావకు కూడా. ఆగొద్దన్నది నేనేనని ముందు బాబాకు చెప్పి, తర్వాతే ఇది అచ్చుకు పంపుతున్నాను.