గాలి కొట్టనక్కరలేని హార్మోనియం

1964 వేసవికి కొంచెం ముందు నాకు మహబూబ్‌నగర్ నుంచి నల్లగొండకు బదిలీ అయింది. హోదా రేడియో మెకానిక్, రెండో గ్రేడు. ఊళ్లలో జనమంతా ఒకచోట కూర్చుని వినడానికి ప్రభుత్వం పంచాయతీలకు రేడియో సెట్లు ఇచ్చేది. జిల్లా అంతా తిరిగి వాటిని బాగుచేయడం మా పని. అప్పటిదాకా మక్తల్ వైపు ఎండలో, దుమ్ములో తిరిగినవాణ్ణి కనుక నల్లగొండ నాకు సుఖంగానే అనిపించింది.

మా అక్క లక్ష్మిని ఆ జిల్లాలోనే నకిరేకల్‌లో ఇచ్చారు. బావ నర్సింలు మగ్గం నేసేవాడు, భజన మండలిలో హార్మోనియం వాయించేవాడు. నేను వచ్చేసరికి ఆయనకు ఎడమచెయ్యి లేదు. బావి దగ్గర ఆయిల్ ఇంజన్ బెల్టులో ఇరుక్కుని నలిగిపోతే దవాఖానలో మణికట్టు దాకా తీసేశారు. మగ్గం మీద అక్క కూర్చుంది. హార్మోనియం మాత్రం మూలకు చేరింది. కుడిచేతితో మెట్లు వాయించగలడు కానీ, తిత్తి ఊదే చెయ్యి లేదు. అక్క గాలి కొట్టి చూసింది. ఆమె ఊపుకూ ఆయన పాటకూ పొత్తు కుదరలేదు. కాళ్లతో తొక్కే పెట్టెలుండేవి కానీ, వాటికి కుర్చీ కావాలి. భజనలో అందరూ నేల మీదే కూర్చుంటారు.

ఒక ఆదివారం బావ నాతో అన్నాడు: "చెయ్యి పోతే పోయింది మల్లేశం. గని అందరు పాడుతాంటే దూరం కూసోని వినుడు నాతోని అయితలేదు."

రేడియోలో ఉండే గాజు వాల్వులతో స్వరం పుట్టించవచ్చని నాకు తెలుసు. రేడియోలు బాగుచేసేటప్పుడు మేము వాడే పరీక్ష పెట్టె ఒకే ఒక స్వరం పలికేది. ఒక్కో మెట్టుకు ఒక్కో రెసిస్టర్ తగిలిస్తే ఒక్కో స్వరం రావాలి. అయితే సామాను ఎక్కడిది? ఆఫీసులో పనికిరాని సెట్ల గుట్ట ఉండేది. రూలు ప్రకారం ఆ సెట్లన్నీ హెడ్డాఫీసు స్టోరుకు వెళ్లి వేలం కావలసిందే. నేను మా ఇంజనీరు గారిని అడిగాను. డిపార్ట్‌మెంటు సామాను ఒక్క స్క్రూ కూడా ఇవ్వనన్నారు. డ్యూటీ అయ్యాక బల్ల, మీటరు వాడుకోమన్నారు. సికింద్రాబాద్‌లో మిలిటరీ పాత సామాను అమ్మే దుకాణాలు చూడమని కూడా ఆయనే చెప్పారు.

ఆ దుకాణాల్లో యుద్ధకాలపు వైర్‌లెస్ సెట్లు కందిచేను కట్టెల్లా కుప్పలుగా పడి ఉండేవి. ఒకే గాజుబుడ్డిలో రెండు వాల్వుల పని చేసే సిక్స్ ఎస్ ఎన్ సెవెన్ అనే వాల్వు అక్కడే దొరికింది. కాగితపు కండెన్సర్లు ఎండకు విలువ మారుతాయి, స్వరం తప్పుతుంది. అందుకని అభ్రకం కండెన్సర్లే ఏరుకున్నాను. హార్మోనియంలోని రీడ్లు తీసేసి, నొక్కితే కరెంటు తగిలేలా మెట్ల కింద పాత టెలిఫోన్ రిలేల ఇత్తడి రేకులు బిగించాను. స్పీకరు ముందు వేసే గుడ్డ మందంగా ఉంటే శబ్దం అణిగిపోతుందని చెబితే, అక్క పోగుకూ పోగుకూ ఎడం ఉంచి జాలిగుడ్డ నేసి ఇచ్చింది. ఒక్కో స్వరాన్ని బావ తన చెవితో పట్టి చెప్పగా నేను సరిచేశాను.

బల్ల మీద డ్రై బ్యాటరీతో నడిపినప్పుడు అది చక్కగా పలికింది. బ్యాటరీ ప్యాకులు మా ఊళ్లలో దొరకడం కష్టం, తొందరగా దిగిపోతాయి. కనుక ట్రాన్స్‌ఫార్మరు, రెక్టిఫైయర్ వాల్వు పెట్టి ఇంటి కరెంటుతో నడిచే సప్లై కట్టాను. శ్రీరామనవమికి వారం ముందు భజన మండలి పెద్ద వీరయ్య తాతను బావ ఇంటికి పిలిచి వాయించి చూపాము. పాట సగంలో ఉండగా పక్కనున్న పిండిగిర్ని మొదలైంది. గిర్ని మోటారు కరెంటు లాగగానే దీపం గుడ్డిదయింది. దాంతోపాటు మా పెట్టె స్వరం కిందికి దిగజారింది.

వీరయ్య తాత తాళాలు కింద పెట్టాడు. "శ్రుతి జారుతాంది నర్సింలూ. గీ డబ్బను నమ్ముకుంటే పందిట్ల నవ్వులపాలైతం. పండుగకు సూర్యాపేట నుంచి పెట్టె వాయించెటోన్ని పిలుస్త, ఏమనుకోకు."

బావ పెట్టె మూత వేశాడు. ఆయన ముఖం చూడలేక నేను సప్లై వైపే చూస్తూ కూర్చున్నాను.

తప్పు స్వరం పుట్టించే భాగంలో లేదు. కరెంటు ఎగిరినా దిగినా వాల్వుకు అందే వోల్టేజీని ఒకేచోట నిలిపేది ఇంకొకటి కావాలి. దాన్ని వీఆర్ వన్‌ఫిఫ్టీ అంటారు. లోపల గ్యాసు నింపిన గొట్టం. మర్నాడే సెలవు పెట్టి సికింద్రాబాద్ బస్సెక్కాను. దుకాణం తరువాత దుకాణం తిరిగితే చివరికి ఒకచోట అలాంటి గొట్టం పాత సెట్టులోనే బిగించి కనిపించింది. విడిగా ఇవ్వనని దుకాణదారు గట్టిగా అన్నాడు. ఎందుకు కావాలో ఆయన అడిగితే బావ సంగతి చెప్పాను. మూలనున్న పెద్ద రిసీవర్ చూపించాడు.

"గా సెట్టు వచ్చిన్నుంచి నోరు తెరుస్తలేదు. దాన్ని పలికిస్తే గీ బల్బు తీస్కపో మియా, ఫికర్ లేదు."

మధ్యాహ్నం తిండి మాట మరచిపోయాను. లోపల ఒక కండెన్సరు షార్టయి ఉంది. మార్చి స్విచ్ వేస్తే ఏదో దేశపు సంగీతం దుకాణమంతా వినిపించింది. ఆయన తన చేత్తోనే గొట్టం ఊడదీసి పాత గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

ఆ గొట్టం వెలగాలంటే సప్లై వోల్టేజీ దానికన్నా బాగా పైన ఉండాలి, గిర్ని నడుస్తున్నప్పుడు కూడా. అందుకే కొలతలన్నీ గిర్ని నడిచే వేళల్లోనే తీసి, రెసిస్టర్ లెక్కగట్టాను. గొట్టం ఊదారంగులో వెలిగింది. గిర్ని ఆగినా నడిచినా స్వరం చెవికి తెలిసేంత కదల్లేదు. వీరయ్య తాతను మళ్లీ పిలిచి వినిపించాము. ఆయన కళ్లు మూసుకుని ఒక కీర్తన మొత్తం పాడాడు. లేస్తూ, "ఇగ సూర్యాపేటకు మనిషిని పంపేది లేదు" అన్నాడు.

నవమి నాడు కల్యాణం అయ్యాక పందిట్లో భజన మొదలైంది. జనం కిక్కిరిసి ఉన్నారు. గిర్ని యజమాని మర్యాదగా వచ్చి, భజన అయ్యేదాకా మోటారు బందు చేస్తానన్నాడు. వీరయ్య తాత సరేననబోతుంటే బావ అడ్డుపడ్డాడు.

"బందు వద్దు సేటూ. గిర్ని నడువనియ్యి. మేం పాడుతం."

గిర్ని నడిచింది. పందిట్లో బల్బు ఎర్రబడింది. బావ కుడిచెయ్యి మెట్ల మీద పరుగు తీసింది, శ్రుతి శ్రుతిగానే ఉంది. పెట్టెకు గాలి ఎవరు కొడుతున్నారోనని ముందు వరుసవాళ్లు వంగి చూశారు. నేను స్తంభం పక్కన నిలబడి విన్నాను. మా ఇంజనీరు గారు కూడా నల్లగొండ నుంచి వచ్చారు. భజన అయ్యాక వెనకవైపు మూత తీయించి, వైరింగు అంతా చూసి, పని శుభ్రంగా ఉందన్నారు. ఉద్యోగంలో ఆ తరువాత ప్రమోషన్లు వచ్చాయి కానీ, ఆ మాట అందుకున్నంత గర్వం మళ్లీ కలగలేదు.

బావ ఆ పెట్టెను చాలా ఏళ్లు వాయించాడు. నేను రిటైరయ్యేదాకా నా కింద పనిచేసిన మెకానిక్కులకు ఒకటే చెప్పాను: యంత్రం ఎంత బాగా కట్టినా, దాన్ని పోషించే కరెంటును ముందు కొలవాలి, అదీ ప్రశాంతంగా ఉన్నప్పుడు కాదు, ఊరంతా వాడుకుంటున్నప్పుడు కొలవాలి.