దేవదానం కాక రాసిన ‘ఇతర ఖర్చులు’

తన పరువును తానే బజారులో పెట్టి, నలుగురిని కేకేసి మరీ చూపించిన మనిషిని మీరెప్పుడూ చూసి ఉండకపోతే ఈ నాలుగు ముక్కలు చదవండి. ఆ మనిషిని నేనే.

అప్పటికి నాకు గని టైం ఆఫీసులో కార్మికుల హాజరు రాసే ఉద్యోగం వచ్చి ఏడాది, పెళ్లయి నాలుగు నెలలు. లోకంలో లెక్క తెలిసింది నాకొక్కడికే అనుకునేవాణ్ని. సెంటినరీ కాలనీలో మా క్వార్టర్‌కు రెండు వీధుల అవతల దేవదానం కాక సీడీల దుకాణం ఉండేది. ముప్పై ఏళ్లు గనిలో దిగి రిటైరైన మనిషి, కాలనీకంతా కాక, అంటే బాబాయి. సినిమా సీడీలతోపాటు ప్లేయర్ కూడా అద్దెకిచ్చేవాడు.

బోర్డు మీద ‘రోజుకు యాభై’ అని మాత్రమే ఉండేది. లోపలికి పోయాక రిమోట్‌కు ఐదు, వైర్లకు ఐదు అనేవాడు. రిమోట్ వద్దంటే, “మంచిదే బిడ్డా. పాట పాటకు లేచి నొక్కు, ఒళ్లు తగ్గుతది” అనేవాడు. అన్నంలో రాయి తగిలినవాడిలా మొహం పెట్టి కట్టేవాణ్ని.

ఒక శనివారం మా బావమరిది కుటుంబం వచ్చింది. ఐదొందలు డిపాజిట్ కట్టి ప్లేయర్, ఒక సినిమా సీడీ తెచ్చాను. ఆదివారం పొద్దున తిరిగి ఇవ్వబోతే కాక చర్చికి బయలుదేరుతున్నాడు. “సామాన్ ఆడ పెట్టు బిడ్డా. డిపాజిట్ బుధవారం తీస్కపో” అన్నాడు.

బుధవారం డ్యూటీ దిగి వెళ్లాను. కాక కొన్ని నోట్లు, ఒక చీటీ చేతిలో పెట్టాడు. అద్దె, రిమోట్, వైర్లు సరే. ఆ కింద ‘ఇతర ఖర్చులు – నూట ఇరవై’ అని ఉంది.

“ఇతర అంటే ఏంది కాకా?”

కాక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “లోపలికి రా, చెప్త.”

లోపలికి రమ్మన్నాడంటే దొంగ లెక్కేనని నాకు రూఢి అయింది. సరిగ్గా అప్పుడే ఫస్టు షిఫ్టు వాళ్లు పక్క హోటల్లో టీ తాగుతున్నారు. జనాన్ని చూసేసరికి నాకు మీటింగులో మైకు దొరికినట్టయింది.

“లోపలెందుకు? గీడనే చెప్పు, గీ అన్నలు గూడ వింటరు. బోర్డు మీద యాభై, చీటీల నూట ఎనభై. ఎట్లయితది?”

“జర మెల్లగ మాట్లాడు బిడ్డా.”

“తప్పు చేసినోళ్లు మెల్లగ మాట్లాడాలె. నాకేంది?”

టీ గ్లాసులతో పదిమంది మా చుట్టూ చేరారు. కాక మరో నూట ఇరవై తీసి నా వైపు జరిపాడు. “ఇవి గూడ తీస్కపో. ఇంటికి నడువు.” బుద్ధి ఉన్నవాడెవడైనా అక్కడ ఆగేవాడు. నేను ఆ నోట్లను వెనక్కి నెట్టి, “పైసలు కాదు, లెక్క కావాలె” అన్నాను. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడిగితే కాక ఏం పెడతాడో ఆ సామెత కట్టినవాడికి తెలియదు.

“నువ్వు సినిమా డబ్బాల పెట్టిచ్చింది నీ పెండ్లి సీడీ బిడ్డా” అన్నాడు కాక.

అప్పుడు గుర్తొచ్చింది. శనివారం చుట్టాలకు మొదట మా పెళ్లి సీడీ చూపించాను. తర్వాత దాన్ని తీసి, చేతికందిన డబ్బాలో పెట్టి, సినిమా వేశాను. సినిమా ప్లేయర్‌లోనే ఉండిపోయింది.

“గా డబ్బాను, ఈడ అత్తగారింటికొచ్చిన ఓ మందమర్రి అల్లుడు ఆదివారం వాళ్లూరికి తీస్కపోయిండు. ఇంట్లోళ్లందరు కూసున్నంక, ఎవలదో పెండ్లి వస్తుందని ఫోన్ జేసిండు. సినిమా సీడీ అయితే ఫికర్ లేదు, ఇంకోటి దొర్కుతది. పెండ్లి సీడీ మీద గీత పడితే ఏడికెళ్లి తెస్తవ్? సోమవారం బస్సుల పోయి తెచ్చిన. రానుపోను కిరాయి డెబ్బై, వాళ్లకు అద్దె వాపస్ ఇచ్చింది యాభై. నీ పేరు బయటికి రావద్దని ఇతర అని రాసిన.”

సొరుగు తీసి, తెల్ల రుమాలులో చుట్టిన సీడీని నా చేతిలో పెట్టాడు. నేను వంగి దండం పెట్టి వెళ్లిపోవాల్సింది. కానీ జనం చూస్తున్నారు, పరువు మిగుల్చుకోవాలి.

“పెండ్లి సీడీ అయితే ఏంది? దొంగతనమా, దాచుడెందుకు?”

“నువ్వే అడుగుతున్నవ్ బిడ్డా” అని కాక నిట్టూర్చాడు. “అప్పగింతలల్ల పిల్ల నవ్వుకుంట కారెక్కిందట. నువ్వు మీ మామ కండువ పట్టుకోని ఎక్కెక్కి ఏడ్చినవట. మందమర్రోళ్లు రెండు సార్లు చూసిండ్రు. సీడీ ఇయ్యమంటే, రెండో పార్టు ఉన్నదా అని అడిగిండ్రు.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్విన నవ్వుకు చేతుల్లో టీ గ్లాసులు ఒలికాయి. కాక ఒక్కడే నవ్వలేదు. “నవ్వకుండ్రి. గట్ల ఏడ్చెటోడే పిల్లను మంచిగ చూస్కుంటడు” అని వాళ్లను కసిరి, నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆ టీ ఖర్చు ఏ చీటీలోనూ రాయలేదు. ఇవాళ ఫోన్‌లో ఏది కొన్నా ఏవేవో ఫీజులు పడుతూనే ఉంటాయి. వాటిలో ఒక్కటీ నా కోసం మందమర్రి బస్సెక్కదు.

ఇంటికి పోయి మా ఆవిడ సుజాతకు జరిగింది మొత్తం చెప్పాను. శ్రద్ధగా విని, ఒక్కటే అడిగింది.

“మన పెండ్లి రెండు సార్లు చూసిండ్రు గద. గా కిరాయి మనకు రావాలె. అడిగినవా?”

అడగలేదు. గనిలో దిగే ప్రతి మనిషి సాక్షిగా ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. ఏ చీటీలో ‘ఇతర’ అన్న మాట కనిపించినా చెప్పులు విడిచి, చేతులు జోడించి, కట్టేసి వస్తాను. మరీ అడగక తప్పకపోతే, చెవిలో అడుగుతాను.